ఎర్రయ్య సారుకు బస్సు టైమైంది

"అవన్నీ మెల్లగ మాట్లాడుకుందాం గానీ సార్, మీ గేటు కాడ ఆఖరు బస్సు ఎన్నింటికి?"

సూర్యాపేట దగ్గర విత్తనాల కంపెనీ మేనేజరు తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయాడు. అప్పటిదాకా ఆయన గోడ మీది ఫొటోలు ఒక్కొక్కటే చూపిస్తూ కంపెనీ పుట్టుక నుంచి చెప్పుకొస్తున్నాడు. బల్ల మీద జీడిపప్పు బిస్కెట్లు, పొగలు కక్కే చాయ్. ఎదురుగా కోదాడ శివారులోని వృత్తి శిక్షణ కళాశాల నుంచి వచ్చిన ప్లేస్‌మెంట్ ఆఫీసరు ఎర్రయ్య సారు, ఆయన పక్కన ఫైలు పట్టుకొని ఆ నెలలోనే చేరిన కంప్యూటరు టీచరు నందిని.

"బస్సా?" అన్నాడు మేనేజరు.

"ఆఁ, బస్సే. ఈడ ఆగుతదా? లేకపోతే చెయ్యెత్తితే డ్రైవరు మొకం అటు తిప్పుకొని పోతడా?"

"బస్సెందుకు సార్, మా కారుంది. కోదాడ దాకా దింపి వస్తది."

"నాకు కారు పడదు. కడుపుల తిప్పుతది."

ఆ మాట అంటూనే ఎర్రయ్య సారు నాలుగు బిస్కెట్లు తీసి జేబురుమాల్లో మూటగట్టుకొని లేచాడు. మాట్లాడాల్సిన ఒప్పందం మాట ఇంకా మొదలే కాలేదు. నందినికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మనుషులకు రకరకాల పిచ్చులుంటాయి. ఎర్రయ్య సారుకున్నది ఒక్కటే, అది బస్సు పిచ్చి. ఆయన కూర్చున్న ఏ కుర్చీ అయినా బస్టాండు బెంచీ లాంటిదే. సగం మీదే కూర్చుంటాడు, చూపు గోడ గడియారం మీద ఉంటుంది. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఆయన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఎక్కని కంపెనీ మెట్లు లేవు, ఈ నాలుగేళ్లుగా చివరిదాకా కూర్చున్న మీటింగు లేదు. పిల్లలకు పని నేర్పించమని మిల్లులనీ, దవాఖానలనీ, మహిళా సంఘాలనీ ఒప్పించడం ఆయన కొలువు. సగం ఒప్పించి బస్సెక్కడం ఆయన అలవాటు.

ఒకసారి కళాశాల వార్షికోత్సవానికి ఓ పెద్దమనిషి వచ్చి "రెండే రెండు మాటలు చెప్తాను" అని మైకు పట్టుకున్నాడు. రెండో మాట ముప్పావుగంట అయింది. వేదిక మీద కూర్చున్న ఎర్రయ్య సారు వాచీ చూసుకొని, మెడలో బంతిపూల దండతోనే మెల్లగా వెనక మెట్లు దిగి మాయమయ్యాడు. ఆ దండ చూసిన కండక్టరు, "ఏం సారూ, రిటైరయినవా?" అని ముందు సీటు ఖాళీ చేయించి కూర్చోబెట్టాడట.

ఆయన దగ్గర ఒక నోటుబుక్కు ఉంది. అందులో కంపెనీల పేర్లు చిన్న అక్షరాలతో, బస్సుల టైములు పెద్ద అక్షరాలతో ఉంటాయి. పక్కన ఆయన సొంత వ్యాఖ్యానం. "అనంతగిరి బస్సు: సోమవారం సంతకు పోతే తిరిగి రాదు." "ఈ డ్రైవరు మంచోడు, అడిగితే ఊళ్లెకు వస్తడు." "ఈ డ్రైవరు మంచోడు కాదు, బెల్లు కొట్టినా ఇనవడనట్టు చేస్తడు." కోదాడ బస్టాండులో విచారణ కిటికీ దగ్గర కూర్చునే ఆయనే టైము తెలియకపోతే ఎర్రయ్య సారుకు ఫోను చేస్తాడని స్టాఫ్‌రూంలో చెప్పుకునేవారు. అబద్ధమనుకుంది నందిని. ఒకరోజు ఆమె ఎదుటే ఫోను వచ్చింది.

ఇంత తొందర ఎందుకన్నదానికి స్టాఫ్‌రూంలో అందరిదీ ఒకటే తీర్పు. భార్య ఉమమ్మంటే భయం.

"మా ఆయన కూడా ఇట్ల భయపడితే బాగుండు," అనేది కుట్టు పని నేర్పే ప్రవళిక. "సారూ, లేటయితే అన్నం పెట్టదా అమ్మ?"

"అన్నం సంగతి తర్వాత, తలుపే తియ్యది," అనేవాడు ఎర్రయ్య సారు నవ్వుతూ, సంచీ భుజాన వేసుకుంటూ.

ఆ తీర్పు నందిని కూడా నమ్మేదే. కానీ ఒకనాడు ప్రిన్సిపాల్ సంతకం పెట్టిన కాగితాలివ్వడానికి ఏడు గంటలకు ఆయన ఇంటికి వెళ్లింది. ఉమమ్మ చేటలో చింతపండు పెట్టుకొని గింజలు తీస్తోంది.

"సారు లేరా అమ్మా?"

"ఇప్పుడేడ బిడ్డా! తొమ్మిదయితే గాని రాడు. కాలేజీల అంత పనేంది మీకు?"

"కాలేజీలనా? సార్ అయిదింటికే బస్సు టైమైందని పోయిండు గదా! ఆలస్యమైతే మీరు…" నందిని నాలుక కరుచుకుంది.

"నేను?"

"తలుపు తియ్యరని…"

ఉమమ్మ చేట కింద పెట్టి, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. "ముప్పై ఏండ్లాయె బిడ్డా. ఒక్కనాడన్న నా మాట ఇన్నడా? గొంగట్ల బువ్వ తిన్న గొల్లోళ్ల పిలగాడు, తోడేలుకే భయపడలే, నాకు భయపడ్తడా? ఇంటికాడ కాలేజీ పేరు చెప్తడు, కాలేజీల నా పేరు చెప్తడు. మరి నడుమ యాడికి పోతున్నట్టు?"

ఆ ప్రశ్న నందినితో పాటే ఇంటికి వచ్చింది.

అంతలో మిల్లు సంగతి వచ్చి పడింది. మిర్యాలగూడ అవతల వెంకటేశ్వర్లుగారి రైస్‌మిల్లు పెద్దది. బియ్యంలో నల్లగింజను కెమెరాతో పట్టి ఊదేసే కొత్త యంత్రాలు తెప్పించాడు. వాటి మీద పనిచేయడానికి చదువుకున్న పిల్లలు కావాలి. కళాశాలలో ఎలక్ట్రానిక్స్ నేర్చుకున్న ఆడపిల్లలు పన్నెండు మంది ఉన్నారు. వాళ్లకు ఆరు నెలలు నిజమైన చోట పనిచేస్తేనే సర్టిఫికెట్. గడువు ఆ నెలాఖరు. ఆ లోపల మిల్లుతో ఒప్పందం కాకపోతే ఏడాది ఆగాలి. ఏడాది ఆగిన పిల్లలు మళ్లీ రారనీ, మిరప తోటలకు కూలికి పోతారనీ అందరికీ తెలుసు. పన్నెండు మందీ పాలకీడు వైపు తండాల వాళ్లే. అందులో చాందీ అనే పిల్ల మిల్లు వాళ్లు పెట్టిన పరీక్షలో, వాళ్ల మెకానిక్కు కూడా దొరకని తప్పు పట్టుకొని యంత్రాన్ని నడిపించి వచ్చింది.

"నందిని గారూ," అన్నాడు ప్రిన్సిపాల్ శశిధర్, "ఈ ఒక్కసారి ఎర్రయ్య గారిని కుర్చీలోంచి లేవనీయకండి. కావాలంటే కొంగుకి కట్టేసుకోండి. సంతకం అయ్యాక ఏ బస్సైనా ఎక్కమనండి."

"నాది డ్రెస్సు సార్, కొంగు లేదు," అంది నందిని.

"చున్నీ ఉందిగా!"

సంతకాల రోజు మిల్లు ఆఫీసులో బ్యానరు కట్టారు. ఫొటోగ్రాఫరు వచ్చాడు. వెంకటేశ్వర్లుగారు కొత్త చొక్కా వేసుకొని, కాళ్లకు మాత్రం ఇంట్లో తొడిగే రబ్బరు చెప్పులతో దర్జాగా కూర్చున్నాడు. మాటలు, మర్యాదలు, మిల్లు చూడటం అయ్యేసరికి ఆరయింది. ప్రిన్సిపాల్ సంతకం పెట్టేశాడు. ప్లేస్‌మెంట్ ఆఫీసరుగా ఎర్రయ్య సారు పెట్టాలి, చివరికి ఓనరు. ఎర్రయ్య సారు పెన్ను తీశాడు. కాగితం చదివాడు. పెన్నుకు మూత పెట్టాడు.

నందిని తన కుర్చీని ఆయన పక్కకు జరుపుకుంది.

"పని తొమ్మిదిన్నర నుంచి ఆరింటి దాకనా సార్?"

"అవునండీ," అన్నాడు వెంకటేశ్వర్లు.

"ఎనిమిదిన్నరకు మొదలు పెట్టి అయిదింటికి విడిస్తే?"

"ఎందుకండీ? పాతికేళ్ల నుంచి మా మిల్లు తొమ్మిదిన్నరకే తెరుస్తాం. మా నాన్నగారు పెట్టిన టైము."

"మీ నాయినగారు మంచోరే, ఆయన టైముల ఆ యంత్రాలు లేవు గదా. జర ఆలోచించుండ్రి."

"ఆలోచించేది లేదండీ. మీకేమైంది అసలు?"

ఎర్రయ్య సారు గోడ గడియారం చూశాడు. ఆరు దాటి ఎనిమిది నిమిషాలు.

"నాకు ఆరుంబావుకు బస్సుంది," అని లేచాడు.

ప్రిన్సిపాల్ మొహంలో రంగు దిగిపోయింది. నందిని చెయ్యి అడ్డం పెట్టింది. ఆ చెయ్యి కింది నుంచి వంగి ఆయన బయటికి నడిచాడు, బిస్కెట్ల మూటతో సహా.

పాతికేళ్లలో వెంకటేశ్వర్లుగారి ఎదుట అలా లేచిపోయినవాడు లేడు. "ఏవయ్యా! నిన్నే! సంతకం పెట్టి పో!" అంటూ ఆయన వెంట పడ్డాడు. ఎర్రయ్య సారు ఆగలేదు. "నడుసుకుంట మాట్లాడుకుందాం సార్, నాకు టైమైంది," అంటూ మిల్లు గేటు దాటాడు. ఆయన వెనుక ఓనరు, ఓనరు వెనుక ఫైలు పట్టుకొని నందిని. హమాలీలు బస్తాలు దించి మరీ చూశారు.

బస్సు రానే వచ్చింది. ఎర్రయ్య సారు ఎక్కాడు. "మర్యాద తెలియని మనిషివయ్యా నువ్వు!" అని చెప్పడానికి వెంకటేశ్వర్లుగారు ఒక కాలు ఫుట్‌బోర్డు మీద పెట్టాడు.

"ఫుట్‌బోర్డు మీద నిలవడొద్దు పెద్దాయినా, పడ్తవ్!" అని కండక్టరు రెక్క పట్టి లోపలికి లాగాడు. నందిని దూకి ఎక్కింది. రైట్ రైట్ అంది బస్సు.

"ఆపవయ్యా! నేను దిగాలి!"

"ఎక్స్‌ప్రెస్‌ సార్ ఇది, యాడవడితే ఆడ ఆగది. టికెట్?"

వెంకటేశ్వర్లుగారు జేబులు తడుముకున్నాడు. పర్సు, ఫోను రెండూ బల్ల మీదే ఉన్నాయి. "నేను మిల్లు ఓనర్ని," అన్నాడు.

"ఓనరైనా టికెట్ తీసుకోవాలె. ఫిరీ ఆడోళ్లకే."

బస్సంతా ఘొల్లుమంది. మిరపకాయల సంచీ మీద కాళ్లు పెట్టుకొని కూర్చున్న వెంకటనర్సమ్మ అనే ముసలమ్మ కొంచెం జరిగి సగం సీటు ఇచ్చింది. ఆయన కాళ్ల వైపు చూసి, "ఇంట్ల కొట్లాడి వచ్చినవా కొడుకా, రబ్బరు చెప్పులతోనే?" అంది జాలిగా. ఎర్రయ్య సారు కిక్కురుమనకుండా రెండు టికెట్లు తీసుకున్నాడు.

నేరేడుచర్ల దాకా పోయి ఎవరినైనా కారు పంపమని అడగవచ్చని వెంకటేశ్వర్లుగారు కాస్త నెమ్మదించాడు. ఇంతలో పాలకీడు వైపు మలుపు స్టేజీలో బస్సు ఆగితే ఎర్రయ్య సారు దిగాడు. వెనకే నందిని. చేతిలో పైస లేని ఓనరు ఏం చేస్తాడు, తిట్టుకుంటూ ఆయనా దిగాడు.

చుట్టూ పొలాలు. పొద్దు గుంకి మసక మసకగా ఉంది. మనిషి అలికిడి లేదు.

"ఇక్కడ ఏముందయ్యా?"

"ఏం లేదు సార్. గదే సూస్తందుకు వచ్చిన."

ఎర్రయ్య సారు కల్వర్టు పక్క తుమ్మపొదలో చెయ్యి పెట్టి ఒక కర్ర తీశాడు, సొంత ఇంట్లో గొడుగు తీసుకున్నంత ధీమాగా. నందిని తేరిపార చూసింది. "సార్, మీరు ఇంతకుముందు గీడికి వచ్చిండ్రా?"

"ఈ పిల్లలు కాలేజీల చేరిన సంది మూడుమార్లు. ఎండల ఒకసారి, వానల ఒకసారి, చలికాలం ఒకసారి. అన్ని తీర్ల చూడాలె గదా."

కాలువ కట్ట మీద నడక మొదలైంది. నూరు అడుగులకు రెండు కుక్కలు మొరుగుతూ మీదికి వచ్చాయి. వెంకటేశ్వర్లుగారు నందిని వెనక్కి చేరాడు. ఎర్రయ్య సారు జేబురుమాలు విప్పి బిస్కెట్లు వేశాడు. కుక్కలు తోకలూపుతూ ఆయనకు అటొకటి ఇటొకటి నడిచాయి. ఓనరును మాత్రం చివరిదాకా గుర్రుమంటూనే ఉన్నాయి.

"అవి మా మిల్లు బిస్కెట్లే కదయ్యా!"

"అవును సార్. మీ పేరు చెప్పిన, నమ్ముతలేవు."

నడుస్తూ నడుస్తూ ఎర్రయ్య సారు నందినికి చెప్పాడు, ఓనరుకు వినపడేటట్టుగానే. నాలుగేళ్ల కింద ఒక కంపెనీలో అయిదుగురు ఆడపిల్లలకు కొలువులు పెట్టించాడు. దండలు, ఫొటోలు అయ్యాయి. మూడు వారాలకు అయిదుగురూ మానేశారు. "మీ పిల్లలకు శ్రద్ధ లేదు," అని కంపెనీ ఉత్తరం రాసింది. ఆయన తండాకు పోయి పిల్లల్ని కోప్పడ్డాడు. అందులో ఒక పిల్ల తల వంచుకొని, "పని మంచిగనే ఉంది సార్, ఇంటికి వచ్చే బాటనే మంచిగ లేదు," అంది.

"నేను పని చూసిన, మిషన్లు చూసిన, చాయ్ తాగిన. పిల్ల ఇంటికెట్ల పోతదన్నది చూడలే. ఆనాటి సంది ఏ కంపెనీకి పోయినా పిల్లలు ఏ బస్సు ఎక్కాల్నో నేను ముందుగాల ఎక్కుత. యాడ దిగాల్నో ఆడ దిగుత. ఇంటి దాకా నడుస్త."

"మరి ఉమమ్మ పేరెందుకు సార్ చెడగొట్టుడు?"

"ఆమె పేరుకు ఏం కాదులేమ్మా, గట్టి మనిషి."

వెంకటేశ్వర్లుగారి కుడి కాలి చెప్పు పట్టీ తెగింది. చేతబట్టుకొని కుంటుతూ ఆయన అరిచాడు. "ఈ మాట ఆఫీసులోనే చెప్పొచ్చు కదయ్యా! ఆడపిల్లలకు బస్సు లేదని!"

ఎర్రయ్య సారు నిలబడ్డాడు.

"చెప్తే మీరేమంటరు సార్?"

"ఏమంటాను! అయితే మగపి…"

మాట అక్కడే ఆగింది.

"అందరు గదే అంటరు సార్," అన్నాడు ఎర్రయ్య సారు మెల్లగా. "మూడు కంపెనీలు అన్నయి. 'అయితే మగపిల్లలనే పంపుండ్రి' అన్నయి. మంచికే అనుకొని చెప్పి, పిల్లల నోటికాడి బువ్వ తీసిన. గందుకే నాకు బస్సుందని చెప్తున్న. నన్ను చూసి నవ్వుతరు. నవ్వితే నాకేం పాయె? ఓపక్క నవ్వుకుంటనే టైము మార్చినోళ్లు ఎనిమిది మంది ఉన్నరు."

నందిని చున్నీ సరిచేసుకుంటున్నట్టు మొహం అటు తిప్పుకొంది.

తండాలో మొదటి ఇల్లే చాందీది. ఆమె తండ్రి గోప్యా మంచం వాల్చి, చెంబుతో నీళ్లిచ్చాడు. చాందీ బయటికి వచ్చి, ఒంటి చెప్పుతో ఉన్న మిల్లు ఓనరును చూసి కొయ్యబారిపోయింది. "సార్, మిషన్ ఖరాబైందా? ఇప్పుడు రావాల్నా?"

"కాదమ్మా," అన్నాడు వెంకటేశ్వర్లు, చెంబు ఖాళీ చేసి. "పొద్దున్నే మిల్లుకొచ్చి, రాత్రి ఈ కట్ట మీద నడిచి వస్తావా నువ్వు?"

"నేను వస్త సార్. మా నాయిననే…"

గోప్యా భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు. "కొలువు వద్దంటలేను సార్. బిడ్డ నాకంటే హుషారుది, నాకు తెల్వదా? ఆ బాట వద్దంటున్న. అయిదున్నరకు మీ మిల్లు ముంగటికెల్లి పాలకీడు బస్సు ఒకటుంది, తండ ముంగటికే వస్తది. మీరు ఆరింటికి విడిస్తరంట."

వెంకటేశ్వర్లుగారు తెగిన చెప్పు మంచం కింద పెట్టాడు. తర్వాత నందిని చేతిలోని ఫైలు అందుకున్నాడు. గోప్యా మోటారు సైకిలు లైటు వేశాడు. ఆ వెలుగులో, సీటు మీద కాగితం పెట్టి, తొమ్మిదిన్నర కొట్టేసి ఎనిమిదిన్నర రాశాడు. ఆరు కొట్టేసి అయిదు రాసి, కింద సంతకం చేశాడు. "ఎనిమిదిన్నరకు గేటు తియ్యాలంటే నేను ఎన్నింటికి లేవాలో తెలుసా నీకు?" అని గొణిగాడు.

"ఏడింటికి లేస్తే సాలు సార్. ఆరోగ్యానికి మంచిది," అన్నాడు ఎర్రయ్య సారు, సంతకం పెడుతూ.

అదే సమయానికి నందిని ఫోను మోగింది. ప్రిన్సిపాల్. "ఏమైపోయారండీ అందరూ? ఫొటోగ్రాఫరు వెళ్లిపోతానంటున్నాడు! ఓనరు గారి ఫోను నా ముందే మోగుతోంది!"

"సంతకాలు అయినయి సార్. చాందీ వాళ్ల తండకు కారు పంపుండ్రి. వచ్చేటప్పుడు ఒక జత చెప్పులు కూడ."

ఫొటో చాందీయే తీసింది. మధ్యలో మోటారు సైకిలు, అటు ఓనరు, ఇటు ఎర్రయ్య సారు, వెనక దూరిపోయిన మేక తల ఒకటి. కళాశాల నోటీసు బోర్డు మీద ఇప్పటికీ అదే ఫొటో ఉంది. మేకను కత్తిరించాలని ప్రిన్సిపాల్ రెండుసార్లు ప్రయత్నించాడు గానీ ఓనరు భుజం కూడా పోతోందని వదిలేశాడు.

పిల్లలు మిల్లులో చేరిన మొదటి రోజు మధ్యాహ్నం మూడు కొట్టేసరికి ఎర్రయ్య సారు స్టాఫ్‌రూం గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. నందిని పేపర్లు దిద్దుతోంది.

"నందినమ్మా, గవి రేపు దిద్దొచ్చు. నువ్వు జర మిర్యాలగూడ పోయి, మిల్లు కాడ పిల్లలతోని అయిదున్నర బస్సు ఎక్కాలె."

"నేనా? మీరు పోతలేరా సార్?"

"నేనెక్కితే ఆగమైతది. సారు వచ్చిండని పన్నెండు మంది లేసి నిలవడతరు. పొద్దంత మిషన్ కాడ నిలవడ్డ పిల్లలు, బస్సుల గూడ నిలవడాల్నా? నిన్నయితే పక్కన కూసోవెట్టుకుంటరు. ఎక్కు, తండ దాకా పో. పని ఎట్లుందని అడగకు, అది వాళ్లే చెప్తరు. ఊకె కూసొని ముచ్చట్లు ఇను. ఎవతన్న మొకం చిన్నవుచ్చుకుంటే మాత్రం, దాని పేరు నాకు చెప్పు. లే బిడ్డా, లే, పెన్నుకు మూత నేను పెడ్త తియ్యి."